ఏ చాలు?

మా గురువు కూర్మనాథం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు ఏదో ఒక పని అప్పగించేవారు, ఆ తర్వాత అన్నం పెట్టేవారు. జవాబు ఆ రెంటి మధ్య ఎక్కడో జారిపడి ఉండేది, ఏరుకున్నవాడికి ఏరుకున్నంత. నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో, సృష్టి ఎలా పుట్టిందండీ అని అడిగితే బావిలో పూడిక తీయమన్నారు. నేను తీసిన తీతకి ఊరిన ఊటతో నాగావళికి వరద వచ్చిందని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనప్పుడు నేనే గుర్తుచేస్తూ ఉంటాను.

ఒక ఏడు, తొలకరి ఇవాళో రేపో అన్నట్టున్న రోజుల్లో, భానోజీరావు అనే శిష్యుడు పొద్దున్నే వచ్చి గురువుగారి కాళ్ల మీద పడ్డాడు.

"గురువుగారూ, ఇంటి పెరట్లో కూరగాయలు ఎంత వేయాలండీ?"

నేను నవ్వాను. నేను నవ్వితే కప్పు మీద పెంకులు కదులుతాయి; ఆ రోజు రెండు కిందపడ్డాయి కూడా. గురువుగారు మాత్రం నవ్వలేదు. "ఎందుకొచ్చింది నాయనా ఈ సందేహం?" అన్నారు.

భానోజీ కళ్లు తుడుచుకుని చెప్పాడు. అతను అన్నదమ్ముల నుంచి వేరుపడి, భార్య నీలవేణితో కొత్తగా కాపురం పెట్టుకున్నాడు. మొదటి ఏడు ఉత్సాహం పట్టలేక పెరడంతా సొరపాదులే పెట్టాడు. అవి విరగకాశాయి. ఇద్దరూ తినగలిగినంత తిని, మిగిలినవి ఇంటింటికీ పంచాడు. నాలుగు రోజులు తీసుకున్నారు. ఐదో రోజు నుంచి భానోజీ సొరకాయ చంకన పెట్టుకుని వీధిలోకి దిగితే చాలు, తలుపులు ధబాధబా మూసుకునేవారు. ఒకరోజు తెల్లారి చూస్తే, పంచిన కాయలన్నీ అతని అరుగు మీదే వరసగా కూర్చుని ఉన్నాయి. నీలవేణి నీళ్లకు వెళితే ఆడవాళ్లు "సొరకాయలమ్మ వస్తంది, తప్పుకోండి" అని ముసిముసిగా నవ్వారు.

రెండో ఏడు అతనికి బుద్ధి వచ్చింది, కాస్త ఎక్కువగానే వచ్చింది. ఇద్దరికి పూటకి ఎంత కావాలో చూసుకుని అంతే వేశాడు. ఒక్క కాయ మిగల్లేదు, ఒక్క కాయ తగ్గలేదు. అలా ఉండగా పక్కింటి పిల్ల, నిండు చూలాలు, లేత వంకాయ కూర తినాలనుందని దడి మీంచి చెయ్యి చాపింది. భానోజీ మొక్కల వైపు చూసి, "ఇవి మాకు సరీగ్గా సరిపోతాయి తల్లీ" అన్నాడు. చూలాలికి లేదన్న మాట తన పెరట్లోంచి వినబడేసరికి నీలవేణికి తల కొట్టేసినట్టయి, సంచీ సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఎన్ని కబుర్లంపినా తిరిగొచ్చే కబురు ఒకటే: "ఎంత వేయాలో తెలిసిన రోజున రమ్మనండి."

"ఎక్కువేస్తే తప్పయింది, సరిగ్గా వేసినా తప్పయింది. నాకేమీ తోచడం లేదు గురువుగారూ. ఈ తొలకరి కూడా దాటిపోతే ఆవిడ ఇక రాదండీ" అన్నాడు భానోజీ.

గురువుగారు వెనకవైపు చెయ్యి చూపించారు. "వసారా ముందునుంచి పక్కింటి గవరమ్మ దడిదాకా ఖాళీ నేల ఉంది. పార తీసుకో. చాలు తియ్యి. నేను చాలంటాను" అన్నారు. అని, వసారాలో పీట వేసుకుని కూర్చున్నారు.

భానోజీ ఆయనకు వీపు పెట్టి, దడి వైపు తిరిగి చాలు తీశాడు. గీత గీసినట్టు వచ్చింది. వెనకనుంచి గురువుగారు "చాలు" అన్నారు. భానోజీ "చిత్తం" అని దాని పక్కనే ఇంకో చాలు మొదలెట్టాడు. అది పూర్తయ్యేసరికి మళ్లీ "చాలు" అని వినిపించింది. "చిత్తం" అని మూడోది. గురువుగారు ఇంత చురుగ్గా పురమాయిస్తుంటే చూస్తూ నిలబడటం నావల్ల అయ్యే పనేనా? నేనూ ఒక పార అందుకున్నాను. నా పార నేలను తాకితే పాతాళంలో ఆదిశేషుడు పడగ పక్కకి తప్పించుకుంటాడు, అది వేరే కథ. గురువుగారు "చాలు, చాలు" అన్నారు. ఒకేసారి రెండు కావాలంటున్నారనుకుని ఇద్దరం చెరొకటి తీశాం. ఆయన గొంతు పెంచినకొద్దీ మాకు హుషారు పెరిగింది. వసారా మెట్టు దగ్గర మొదలైన చాళ్లు కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగి, దడి కింద దూరి, గవరమ్మ పెరట్లో తేలాయి.

గవరమ్మ చేట చేతబట్టుకుని వచ్చింది. "ఏటి బాబూ ఇది? నా గోంగూర మడి ఏం పాపం చేసింది? అక్కడ పంతులుగారు గొంతు చించుకుని చాలు చాలని మొత్తుకుంటన్నారు, మీకు చెవులు లేవేటి?"

"వినబట్టే కదమ్మా తీస్తున్నాం!" అన్నాను నేను.

భానోజీ పార వదిలేసి వెనక్కి తిరిగాడు. ముఖం పాలిపోయింది. "గురువుగారూ, మీరన్నది ఈ చాలా, ఆ చాలా?"

గురువుగారు గొంతు సవరించుకున్నారు. "భోజనానికి లేవండి" అన్నారు.

అయ్యా, నేను పండితసభల్లో వాదించి పెద్దపెద్దవాళ్ల చేత తలపాగాలు విప్పించినవాణ్ణి. కానీ ఆ పూట కాళ్లు కడుక్కుంటుంటే, తవ్వమన్నారో మానమన్నారో నాకు నిజంగా తెలియలేదు.

ప్రశ్న అడిగినవాడే వడ్డించాలని ఆ ఇంట్లో ఆచారం. గవరమ్మను కూడా శాంతపరిచి బంతిలో కూర్చోబెట్టారు. గుమ్మడికాయ దప్పళం గిన్నె పట్టుకుని భానోజీ ముందు నా దగ్గరకు వచ్చాడు. వద్దనే మాట నేను విస్తరి ముందు అనగా విన్నవాడు ఈ భూమ్మీద లేడు. గరిటె మీద గరిటె వేసి, అతను భయపడి తనే ఆపేశాడు. తర్వాత గురువుగారికి ఒక గరిటె వేశాడు. రెండో గరిటె వంచబోతుండగా గురువుగారు విస్తరికి అడ్డంగా అరచెయ్యి పెట్టారు.

"చాలు" అన్నారు.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఒక్క చుక్క ఆయన చేతి మీద పడలేదు.

"ఇది ఏ చాలో నీకు బాగానే తెలిసిందే" అన్నారు గురువుగారు. "పొద్దున్న తెలియలేదేం?"

"ఇప్పుడు మీ చెయ్యి కనబడుతోంది కదండీ. ముఖమూ కనబడుతోంది."

"పొద్దున్న కూడా ఇదే ముఖం నాయనా" అని ఆయన ముద్ద కలుపుకున్నారు.

భానోజీ గిన్నె కిందపెట్టి, కండువా దులుపుకుని, అన్నం కూడా తినకుండా బయటికి నడిచాడు. గిన్నె నాకు అందేటంత దూరంలోనే ఉంది కాబట్టి నేను అతన్ని ఆపలేదు.

తర్వాత జరిగింది భానోజీయే నాకు చెప్పాడు. అతను అత్తవారింటికి చేరేసరికి అందరూ రాత్రి భోజనాలకు కూర్చున్నారట. అల్లుడు కాళ్లయినా కడుక్కోకుండా అత్తగారి చేతిలో పులుసు గరిటె లాక్కుని, నీలవేణి ముందు వంగాడట. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుందట.

"ఏటలా చూస్తన్నారు?" అంది నీలవేణి.

"నువ్వు చాలంటావేమోనని."

"ఎంత వేయాలో తెలిసిందా?"

"తెలీలేదు."

"మరెందుకొచ్చారు?"

"పక్కింటి పిల్లకి ఏం కావాలో నువ్వు కనుక్కోవాలి. నాతో చెప్పదు."

"మీతో ఎవరు చెప్తారు!" అంది నీలవేణి. నవ్వు దాచుకుంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. మర్నాడు ఇద్దరూ ఒకే బండిలో ఊళ్లో దిగారు.

వానలు పడ్డాక నేను వాళ్ల పెరడు చూడ్డానికి వెళ్లాను. బీర పూతకు వచ్చింది, వంగ నవనవలాడుతోంది. ఎన్ని చాళ్లు వేశారయ్యా అని అడిగాను. భానోజీ నాలుగన్నాడు. నీలవేణి ఐదంది. ఐదోది పక్కింటి పిల్ల, చంటివాణ్ణి చంకనేసుకుని, దడి అవతలినుంచి చెయ్యి చాపి గింజలు వేసిందట. అది మనది కాదంటాడు భానోజీ. మన నేలలో ఉంది కదా అంటుంది నీలవేణి. ఇద్దరూ నవ్వుకుంటూ పోట్లాడుకుంటున్నారు. ఆకాశంలో చుక్కల్ని ఒక కునుకు కూడా తీయకుండా లెక్కపెట్టినవాణ్ణి, నాలుగో ఐదో తేల్చలేక వచ్చేశాను.

నా పెరట్లోనూ వేద్దామన్న కోరిక పుట్టి, పార భుజాన వేసుకుని తిన్నగా గురువుగారి దగ్గరకు వెళ్లాను.

"గురువుగారూ, ఆ రోజు మీరన్నది ఏ చాలు? ఇంతకీ నేను ఎన్ని తీయాలి?"

ఆయన నన్ను, నా భుజాన ఉన్న పారను, మళ్లీ నన్ను చూశారు.

"ముందు ఆ పార కింద పెట్టు నాయనా" అన్నారు. "చాలు."