చాప్స్ మీద మూత

ఇది బుధవారం జరిగిందని నా గుర్తు. గురువారమైనా అయ్యుండవచ్చు. శుక్రవారం మాత్రం కాదు. ఆ రోజు కొండమీది ఆ క్రైస్తవ మఠంలో మాంసం వండరు. మిగతాది విన్నది విన్నట్టే చెబుతున్నానా, విన్నాక నాలో పెరిగిన కథను చెబుతున్నానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

శౌరి ఆ మఠంలో శిష్యుడు. ఆ వారాంతపు ఆదివారం అతడు జీవితాంతపు సన్యాస వ్రతం తీసుకోవాలి. దానికి ముందు మఠాధిపతి పిలిచి, మనసులో సందేహమేమైనా ఉందా అని అడుగుతారు. శౌరికి ఉంది. తాను దేవుడి కోసం ఇక్కడికి వచ్చాడో, అన్నతో పడ్డ తగవు నుంచి తప్పించుకోవడానికి వచ్చాడో అతడికే తెలియదు. అయినా లేదనే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. బయటపెట్టకపోతే అదే అణగిపోతుందనుకున్నాడు.

అప్పట్లో వంట అతడి వంతు. పంది మాంసపు చాప్స్‌ను గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అద్ది వేయించేవాడు. ఎప్పుడో ఇటలీ ఫాదర్లు నేర్పిపోయిన వంట అది. నూనెలోంచి తీసినప్పుడు కరకరలాడేవి. సాయంకాల ప్రార్థన ముగిసేలోగా చల్లారకూడదని పళ్లెంలో పేర్చి మూత పెట్టేవాడు. బల్ల మీదికి వచ్చేసరికి పైపొర మెత్తబడి ఊడిపోయేది.

“పందికి చొక్కా తొడిగావు గానీ గుండీలు మరిచావయ్యా శౌరీ,” అన్నాడొకసారి బ్రదర్ జోజి.

మళ్లీ చాప్స్ వండిన రోజున శౌరి తన గురువు, వంటశాల పెద్ద అయిన బ్రదర్ రాయప్పను అడిగాడు.

“పొడి మార్చాలా బ్రదర్? మంట పెంచాలా?”

రాయప్ప మూత ఎత్తాడు. లోపలివైపు వేళ్లతో తుడిచి, ఆ తడిని శౌరి అరచేతికి పూశాడు.

“నీళ్లెవరు పోశారు?”

“ఎవరూ పోయలేదు. వాటి ఆవిరే.”

రాయప్ప మూత పక్కన పెట్టి, చాప్స్‌ను ఒకదానికొకటి తగలకుండా ఇనుప జాలీ మీద పరిచాడు.

“చల్లారిపోతాయి కదా బ్రదర్.”

“చల్లారనీ.”

శౌరి అరచేతి వంక చూసుకున్నాడు.

“మరి అన్నానికి మూత పెడుతున్నాం కదా?”

“దానికి పెట్టాలి.”

శౌరికి ఇంకా అయోమయంగా ఉంది. తాను అడుగుతున్నది వంట గురించేనా అన్నది కూడా స్పష్టంగా లేదు.

“దేనికి పెట్టాలో, దేనికి పెట్టకూడదో ముందే ఎలా తెలుస్తుంది?”

“ముందే తెలియదు నాయనా. తీసి చూడాలి.”

ఇంతలో ప్రార్థన గంట మోగింది. రాయప్ప చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి చాప్స్ చల్లగానే ఉన్నాయి. జోజి కొరికిన చప్పుడు బల్ల చివరిదాకా వినిపించింది. శౌరి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. మఠాధిపతి పిలవకముందే అతడు వెళ్లి ఆయన తలుపు తట్టాడు.

ఆ గదిలో అతడేం చెప్పాడో, ఆదివారం ఏమైందో నాకు తెలుసు. ఇక్కడ రాయకపోవడం మరుపు వల్ల కాదు.