మంచు మీది మంచె

ఇటు తిరిగి పడుకో కన్నా. దగ్గొస్తే దగ్గెయ్, ఆపుకోకు. పొద్దుట్నుంచీ పొయ్యి ఊది ఊది నా గొంతూ మండుతోంది. అయినా కథ లేకుండా నువ్వు పడుకుంటావా ఏమిటి! చెప్తాను, ఊఁ కొట్టు.

అనగనగా ఒక లోయ, ఆ లోయ అడుగున ఒక ఊరు. చుట్టూ కొండలు, నడుమ ఊరు, గిన్నె అడుగున గంజి మిగిలినట్టు. చలికాలం వస్తే కొండల మీది చల్లగాలి రాత్రంతా మెల్లగా కిందికి జారి, ఆ అడుక్కి చేరి కూచునేది. కూచుందంటే ఇక లేచేది కాదు. దాంతో ఊరంతా మంచు కమ్మేది. మన పెరట్లో తెల్లారేసరికి చిక్కుడుపాదు కూడా కనబడకుండా చేస్తుందే, ఆ మంచే.

ఆ ఊళ్ళో గురుబారి అని ఒక తల్లి ఉండేది. గురువారం పుట్టిందని ఆ పేరు. మొగుడు కాఫీ పళ్ళు కోసే పనికి పోతే, కోత అయ్యేదాకా తోటల్లోనే ఉండిపోయేవాడు. ఇంట్లో గురుబారి, ముసలి అత్త, ఒక్కగానొక్క కూతురు సుక్రి. సుక్రి నీ అంతే ఉండేది. కాకపోతే చెప్పిన మాట వినేది.

ఆ ఏడు మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. ఆకు కదిలితే ఒట్టు. అప్పుడు సుక్రికి దగ్గు పట్టుకుంది. ముందు దగ్గు, ఆ తర్వాత ఆయాసం, ఆ తర్వాత పిల్లికూతలు. పడుకోబెడితే ఊపిరాడదు, కూచోబెడితే నిద్ర రాదు. గురుబారి పిల్లని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని కూచునేది. ఆ గోడకి ఆనుకునే కునుకు తీసేది.

ఆ ఊరికో ఆనవాయితీ ఉండేది. ఎవరింట్లో పిల్లకి జబ్బు చేసినా, ఇంటికొకరు దుంగ మోసుకొచ్చి ఆ ఇంటి పొయ్యి దగ్గర పెట్టేవాళ్ళు. పిల్ల వెచ్చగా ఉండాలని. ఆ దుంగ కాల్చకపోతే, తెచ్చినవాళ్ళని గుమ్మంలోంచి గెంటేసినట్టే లెక్క.

మొదట పక్కింటావిడ తెచ్చింది. ఆ తర్వాత పిల్ల మేనమామ తెచ్చాడు. ఆ తర్వాత ఊరిపెద్ద, పాపం నడుం పట్టేసి వంగలేని మనిషి, ఆయన కూడా ఒకటి ఈడ్చుకొచ్చాడు. అందరివీ మంచుకి నానిన దుంగలే. అవి మండేవి కావు, పొగ కక్కేవి. ఆ పొగ కప్పులోంచి బయటికి పోయేది గానీ, పైకి ఎక్కలేక ఊరి మీదే తిరిగి తిరిగి మళ్ళీ వాకిట్లోంచి లోపలికే వచ్చేది.

పొగ లేచినప్పుడల్లా పిల్ల దగ్గు ఎక్కువవుతోందని గురుబారి చూస్తూనే ఉంది. కానీ ఎవరిని వద్దంటుంది? వచ్చినవాళ్ళంతా పిల్ల తల నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్తున్నారాయె. అందుకని పొయ్యి ఊదుతూ కూచుంది. చేతులు పీకేవి. కళ్ళు మండి ఎర్రబడేవి.

వాళ్ళకో మేక ఉండేది. సుక్రికి పాలు దానివే. ఆ మేక పలుపు తెంపుకుని కొండెక్కేసింది. మేనమామ పోయి లాక్కొచ్చాడు. మళ్ళీ ఎక్కేసింది. పక్కింటావిడ పోయి తోలుకొచ్చింది. ఈ చలికి పైకి పోతావా, బిగుసుకు చస్తావే అని అందరూ దాన్ని తిట్టారు. ఊరే ఇంత చలిగా ఉంటే కొండ మీద ఇంకెంత ఉంటుందో అని వాళ్ళ భయం.

మూడోసారి మేక పోయినప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్త పసుపు ఉడకబెట్టే చోటికి కూలికి వెళ్ళింది. పిల్లకి పాలు కావాలి. పిల్లని ఒక్కదాన్నీ వదిలి వెళ్ళడానికి లేదు. అప్పుడు గురుబారి సుక్రిని గుడ్డతో వీపుకి కట్టుకుని మంచులోనే కొండెక్కింది.

ఎక్కింది, ఎక్కింది, కాళ్ళు వణికాయి. కూచుంది, లేచింది, మళ్ళీ ఎక్కింది. అడుగు ముందు ఏముందో తెలియదు. వీపు మీద పిల్ల కూత ఒక్కటే వినబడుతోంది. ఇంక నావల్ల కాదు అనుకుంటుండగా, తల మీద ఎండ పడింది.

నిజం ఎండ, కన్నా. పైనంతా నీలంగా ఆకాశం. సామల చేను కాపలాకి వేసిన పాత మంచె అలాగే ఉంది. దాని కింద మేక హాయిగా నెమరేస్తోంది. గురుబారి పిల్లని మంచె మీద పడుకోబెట్టి, పాలు పితికి పట్టింది. మెల్లమెల్లగా కూత తగ్గింది. ఆ తర్వాత సుక్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అది చూసి గురుబారికి ఏడుపొచ్చింది.

అప్పుడు కిందికి చూసింది. ఊరు లేదు, తెల్లటి మంచే ఉంది. అందులో అక్కడక్కడ పొగ పేరుకుని మసి మరకలు. అన్నింటికంటే పెద్ద మరక తన ఇంటి మీదే ఉంది. ఇక ఆమె కిందికి దిగలేదు.

కింద ఊళ్ళో దుంగలు తెచ్చినవాళ్ళకి ఖాళీ ఇల్లు కనబడింది. ఊరు పెట్టిన నిప్పు కాదని పోయిందా అని నొచ్చుకున్నారు. అత్తకి తల కొట్టేసినట్టయింది. మేకా లేదు కాబట్టి కొండకే పోయుంటుందని, ఒక దుంగ నెత్తికెత్తుకుని, కోడల్ని తిట్టుకుంటూ, రొప్పుతూ, దగ్గుతూ ఆ ముసల్ది కొండెక్కింది. మంచె దగ్గరికి వచ్చేసరికి తిట్టడానికి కూడా ఊపిరి లేదు.

"కూకో అత్తా. కాసేపు ఊపిరి తీసుకో. ఆనక తిడుదువు" అంది గురుబారి.

అత్త దుంగ కింద పడేసి దాని మీదే కూచుంది. కాసేపటికి రొప్పు తగ్గింది. నిద్రపోతున్న పిల్లని చూసింది. కోడలు చూపించిన మరక చూసింది.

"పిల్లని బతికిద్దారనే గదే మోసేం" అంది అత్త.

"అవునత్తా. అందుకే ఎవుల్నీ ఒద్దన్లేకపోయేను."

ఆ తర్వాత అత్త దిగి వెళ్ళి ఊళ్ళో చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు, కొందరు ఎక్కి చూశారు. మంచు మాత్రం పోలేదు కన్నా, అది ఏటా వస్తూనే ఉంది. కానీ పిల్లలకి దగ్గొస్తే ఆ ఊరివాళ్ళు దుంగని ఇంటికి తేవడం మానేశారు. కొండ మీదికి మోశారు. ఒకడు దానితో మంచెకి మెట్టు కట్టాడు, ఒకడు గోడ కట్టాడు, ఒకడు కప్పు వేశాడు. రోజంతా పని చేసి అలిసిపోయినవాళ్ళే, పిల్లల్ని వీపున కట్టుకుని ఎక్కేవాళ్ళు.

ఏమిటి, నిద్ర రావట్లేదా? అదిగో, మళ్ళీ కూత. ఉండు, పొయ్యి ఆర్పేసి వస్తాను. ఇంకో దుప్పటి కప్పుతాలే. నా మోకాళ్ళు ఒప్పుకోవు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా తెల్లారగానే నిన్ను వీపున కట్టుకుంటాను. కొండ మీది మన మంచెకి ఒక మెట్టు ఊడిందట. ఎదురింటి అత్త నీకోసం ఇందాక తెచ్చిన దుంగ ఉందిగా, మీ మామయ్య దాన్ని మోసుకొస్తాడు.

పొగ కిందికి, పిల్ల పైకి,
కథ కంచికి, మనం మంచెకి.