సాలెవీధి కింద గొయ్యి

సున్నపురాళ్ల సీమను ఏలే కొండమరాజుకు ఒకనాడు వింత కోరిక పుట్టింది.

"పైనున్న రాజ్యం చూసి చూసి మొహం మొత్తింది. అడుగున ఎలా ఉందో ఎవరైనా బొమ్మ గీసి చూపండి!"

ఆస్థాన పండితుడు శంభుభట్టు ఎగిరి గంతేశాడు. వీధివీధినా ఇనుప రోకలితో నేలను బాదించి, చెవి ఆనించి విన్నాడు. చప్పుడు సున్నపురాయిలోంచి దిగి, అడుగునున్న నల్లరాతికి తగిలి తిరిగొస్తుందట. త్వరగా వస్తే నల్లరాయి దగ్గర, ఆలస్యమైతే దూరం. అంతే ఆయన శాస్త్రం.

పటం తయారైంది. ఊరంతా నల్లరాయి చాప పరిచినట్టుంది. సాలెవీధి కింద మాత్రం పెద్ద గొయ్యి!

"రేపో మాపో ఆ వీధి కుంగిపోతుంది ప్రభూ! ఇళ్లు ఖాళీ చేయించండి. ఆ స్థలంలో నేను శాంతి హోమాలు చేసుకుంటూ పడి ఉంటాను," అన్నాడు భట్టు, ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా.

మర్నాడు సాయంత్రానికల్లా వీధి ఖాళీ కావాలని రాజు ఆజ్ఞ.

సాలెవీధి నేతగాళ్లు లబోదిబోమన్నారు. నేలలో తవ్విన గుంట మగ్గాలు మోసుకుపోయేవి కావు. పడుగు కోసేస్తే నేస్తున్న పెళ్లిచీరలన్నీ వట్టి నూలుపోగులే. విదూషకుడు ఓబుళయ్య దగ్గరికి పరుగెత్తారు.

"మీ బావి తవ్వినప్పుడు రాయి ఎట్లుండె?" అని అడిగాడు ఓబుళయ్య.

"అంతా తూట్లే సామీ, తేనెపట్టు మాదిరి. నల్లరాయి తగిలేదాకా అట్లే ఉండె," అన్నాడు నేతగాడు నాగలింగం.

"అయితే పోయి నేసుకోండి."

మర్నాడు ఓబుళయ్య మిట్టమధ్యాహ్నం సభకొచ్చాడు. రాజు మండిపడ్డాడు.

"కోట గుమ్మం ఎదుటే ఇల్లు! ఇప్పుడా రావడం?"

"రాత్రికి రాత్రి నా ఇల్లు ఆమడ దూరం జరిగిపోయింది ప్రభూ!"

"ఇల్లు జరగడమేమిటి? దారిలో ఎక్కడ ఆగావో చెప్పు!"

"గాజులవాడి దగ్గర, నూనెకొట్టు దగ్గర, కోడిపందెం దగ్గర ఆగాను. కానీ ఆ మాట చెబితే భట్టుగారు ఒప్పుకోరు. ఆలస్యంగా వచ్చిందంటే దూరం నుంచి వచ్చినట్టే కదండీ వారి శాస్త్రంలో!"

సభ ఘొల్లుమంది. భట్టు గయ్యిమన్నాడు. "నేను చెప్పింది చప్పుడు సంగతి!"

"చప్పుడూ అంతే స్వామీ. గట్టిరాయిలో పరుగెత్తుతుంది. తూట్ల రాయిలో నాలాగే నింపాదిగా వస్తుంది. సాలెవీధి కింద ఉన్నది తూట్ల రాయి."

రాజు భటులను పంపి, కోట బావిలోనూ సాలెవీధి బావిలోనూ నల్లరాయి దాకా తాళ్లు దింపించాడు. తెచ్చి పక్కపక్కన పరిస్తే రెండూ ఒకే పొడవు. భట్టు ఒక తాడు పట్టుకుని సాగదీసి చూశాడు. అది సాగలేదు.

"గొయ్యి నీ పటంలోనే ఉందయ్యా భట్టూ! చుట్టి ఇంటికి పట్టుకెళ్లు. సాలెవీధి జోలికి ఎవరూ పోవద్దు!" అంటూ రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన చేతి కంకణం తీసి ఓబుళయ్యకు తొడిగాడు.