గాలికెక్కిన బూజు

అనగనగా ఒక అడవిలో, మద్దిచెట్ల నీడన, మనిషెత్తు చెదల పుట్ట ఉండేది. దాని సంగతి చెప్పే అర్హత నాకు లేదు పిల్లలూ. బూజు గురించి నా చదువంతా ఆవకాయ జాడీ మూత కిందే! అయినా వినండి.

ఆ చెదలు పుట్ట లోపల తెల్లటి పుట్టకొక్కుల తోట పెంచేవి. అదే వాటికి అన్నం. ఒకరు తిన్నది అందరికీ నోటి నుంచి నోటికి అందించాలి. తెలిసిన కబురూ అంతే. అది వాటి ఆచారం.

ఒక వానాకాలం ఆ అడవిలోని పుట్టల తోటలకు పచ్చబూజు సోకింది. అది తాకిన ప్రతి తోటా కుళ్ళిపోయింది.

వైద్యురాలు మన్నెమ్మ గది మూసుకుని, ఆ పచ్చబూజును తినేసే తెల్లబూజును సాకింది. మందు దొరికింది! కానీ నోటి నుంచి నోటికి పోవాలంటే ఎన్నాళ్ళు? 'ఈ బూజుకు ఎగరడం నేర్పితే ఒక్క గాలికి అడవంతా బాగుపడుతుంది' అనుకుంది. నేర్పేసింది.

తెల్లటి ధూళి లేచి గదంతా మెరిసింది. కాపలా కోరయ్య నోరు తెరిచాడు. "అక్కా, వెన్నెల లోపలికొచ్చిందా?"

"మందు తమ్ముడూ!" అంది. తను చేసిందాన్ని చూసి తనకే ఒళ్ళు పులకరించింది.

కోరయ్య ఊరుకుంటాడా? ఆచారం కదా! కనబడ్డవాళ్ళకల్లా చెప్పొచ్చాడు.

అతను తిరిగొచ్చేసరికి మన్నెమ్మ గది మూల చూపించింది. పరీక్షకని మూలన ఉంచిన పచ్చబూజు కూడా గాల్లోకి లేచింది. తెల్లబూజు పక్కనే పెరిగి, ఎగిరే విద్య పట్టేసింది. ఇద్దరూ గది కన్నాలన్నీ తడిమట్టితో మూసేశారు.

ఇంతలో పొరుగు పుట్టవాళ్ళు వచ్చారు. "మందివ్వు తల్లీ, పిల్లలు పస్తులున్నారు."

పుట్టనేలే రాణి కబురంపింది. "నేర్చింది పంచవేమే? ఆచారం మరిచావా?"

చివరికి చెదలను వేటాడే ఎర్రచీమ వచ్చింది. "మందొద్దులే వదినా. ఎగరడం ఎలా నేర్పావో చెప్పు, చాలు."

"మీకు తోటే లేదు కదమ్మా, ఆ విద్యెందుకు?"

చీమ నవ్వింది.

ఆ నవ్వు వెనక పన్నాగం మన్నెమ్మకు అర్థమైంది. పొరుగువాళ్ళకు ఎగరని మందే ఇచ్చింది. చీమను పొమ్మంది. రాణితో, "అమ్మగారూ, ఈ ఒక్క విద్య నా నోట్లోనే చావాలి" అంది. రాణి జరిగిందంతా విని, తలూపింది.

ఎగిరే బూజునంతా మట్టి ముద్దల్లో బిగించి, వాన వెలిశాక బండమీద మండుటెండలో మాడ్చేశారు.

మందు నోటి నుంచి నోటికి మెల్లగా పాకింది. చివరి పుట్టకు చేరేసరికి అక్కడి తోట పోయింది. ఆ పుట్టవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. మన్నెమ్మ వాళ్ళకు తన నోటి ముద్ద పెట్టింది.

"ఎగిరే మందుంటే మా తోట బతికేదటగా అక్కా?" అడిగిందొక తల్లి.

"బతికేది. కానీ పచ్చబూజూ ఎగిరేది, అడవిలో ఒక్క తోటా మిగిలేది కాదు."

పుట్ట శిఖరం కన్నంలోంచి చల్లగా గాలి వచ్చింది. అందరూ తలలెత్తారు. అది ఏ బూజూ లేని ఉత్త గాలి. అంత గొప్ప సంగతి మరొకటి లేనట్టు, చాలాసేపు పీల్చుకున్నారు.

నీతి: ప్రాణం పోసే విద్యే ప్రాణం తీయగలదు, చేతనైందల్లా చేయకు, తెలిసిందల్లా చాటకు.