గంప కింద గరిక

కొండవాలున ఒక బీడు ఉండేది. ఒకప్పుడు అక్కడ గరిక ఎంత ఒత్తుగా పెరిగేదంటే, పడుకున్న గొర్రెకి లేవబుద్ధి అయ్యేది కాదు. అలాంటి బీడులోకి ఏ గాలి తెచ్చిందో, ఏ వాగు తెచ్చిందో, వయ్యారిభామ మొక్క వచ్చింది. కొత్తిమీరలాంటి ఆకు, ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పూలు. పేరుకి తగ్గ అందమే! నోట పెడితే మాత్రం ఒట్టి చేదు, ఒంటికి తగిలితే దురద. చూస్తుండగానే బీడంతా అదే అయింది. గరిక ఒదిగి ఒదిగి ఓ మూలకి చేరింది.

చుక్కమ్మ అనే ముసలి గొర్రెకి ఆ ఏడు ఒక్కటే పిల్ల. మేత లేక పొదుగు ఎండింది. పిల్ల చీకి చీకి, తలెత్తి తల్లి మొహంలోకి చూసేది. దానికి తోడు నక్క జగ్గప్ప భయం ఒకటి. ఆ నడుమెత్తు మొక్కల్లో పొంచి ఉంటే పక్కనే ఉన్నా కనపడడు. మందలో అప్పటికే పిల్లలు మాయమవుతున్నాయి.

అదుగో, అప్పుడొచ్చాయి పురుగులు. కందిగింజంత ఒళ్ళు, మీగడరంగు వీపు మీద నల్లటి చారలు. వచ్చినవి వచ్చినట్టే వయ్యారిభామ మీద పడి కరకరా నమలసాగాయి. ఇంత చేదుని ఇంత ఇష్టంగా తినేవాళ్ళు కూడా ఉంటారా అని చుక్కమ్మ నెమరు మరిచి చూసింది. సృష్టిలో ఎవరి కూడు వారిది కాబోలు!

తన చాటు కరిగిపోతుంటే జగ్గప్ప ఊరుకుంటాడా? మంద దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, నా బాధ నా కోసం కాదు. ఇవాళ వయ్యారిభామ. అదయ్యాక ఈ పురుగులు ఏం తింటాయనుకున్నావు? మీ గరికే! కౌజుపిట్టల్ని పిలవండి, ఒక్క పూటలో ఏరిపారేస్తాయి."

"నిజమే వదినా," అన్నాడు మేకపోతు బొల్లయ్య గడ్డం ఊపుతూ. "వయ్యారిభామ కూడా కొత్తగా వచ్చిందేగా? కొత్తవాళ్ళని నమ్మే చెడ్డాం."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా చుక్కమ్మ ఇలా అంది:

"కాపరి కొత్త మేకని తెస్తే వెంటనే మందలో కలుపుతాడా? విడిగా కట్టి, ఏం తింటుందో ఎలా ఉందో చూశాకే కలుపుతాడు. వీటినీ అలాగే చూద్దాం."

గొర్రెపిల్లల మీద బోర్లించే తాటాకు గంప ఒకటి పక్కనే ఉంది. దాన్ని పచ్చటి గరిక మీద బోర్లించారు. కౌజుపిట్ట బుల్లెమ్మ పురుగుల్ని మెల్లగా ముక్కుతో తెచ్చి లోపలికి వదిలింది.

"మింగకే పిల్లా!" అన్నాడు బొల్లయ్య.

"మింగితే నీకు చెప్పే మింగుతాలే బాబాయ్!"

రేపు పొద్దువాలాక గంప ఎత్తాలి. గరిక తగ్గితే పిట్టలకి విందు. తగ్గకపోతే పురుగుల జోలికి ఎవరూ పోకూడదు. అందరూ సరేనన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మంద చెట్టునీడన కునుకు తీస్తుంటే జగ్గప్ప గంప దగ్గరికి పాకాడు. లోపల పురుగులు ఆకలికి సొమ్మసిల్లి గంప అంచున పడి ఉన్నాయి. ఓ పక్క కాస్త ఎత్తి, మూతి దూర్చి, గరికని పరపరా పీకి మింగాడు. అలవాటు లేని తిండి కదా, ముద్దముద్దకీ కళ్ళు తేలేశాడు.

పొద్దువాలింది. గంప ఎత్తారు. గరిక సగం లేదు!

"చెప్పానా?" అన్నాడు జగ్గప్ప. గొంతు కాస్త బొంగురుపోయింది. "ముక్కు నూరుకో బుల్లెమ్మా!"

బుల్లెమ్మ ముందుకు గెంతింది. చుక్కమ్మ అడ్డం నిలిచింది. ఈ పురుగులు పోతే గరిక రాదు, గరిక రాకపోతే తన పిల్ల దక్కదు. అయినా ఏదో తేడాగా ఉందే! వంగి చూసింది. గరిక వేళ్ళతో సహా ఊడింది, మట్టిపెళ్ళలు లేచి ఉన్నాయి.

"ఇంత చిన్న నోళ్ళతో వేళ్ళెలా పీకారమ్మా?" అని అడిగింది.

"మేమా?" అంది ఓ పురుగు నీరసంగా. "నిన్నటినుంచీ పస్తు తల్లీ! దీన్ని కూడా తింటారని మాకు తెలీనే తెలీదు."

"దొంగ తాను దొంగనంటాడా?" అని అరిచాడు జగ్గప్ప.

"అనడులే అన్నా. అందుకే నోటిని అడగను, కడుపునే అడుగుతాను."

చుక్కమ్మ వెళ్ళి పెదవుల కొసతో ఒక వయ్యారిభామ కొమ్మ తుంచి, చేదుకి మొహం వికారంగా పెట్టుకుంటూనే తెచ్చి అక్కడ వేసింది. వేసీ వేయకముందే పురుగులన్నీ, పెళ్ళిలో తొలిబంతికి ఉరికినట్టు, దాని మీద ఎగబడ్డాయి.

"కడుపు నిండినవాడికి గారెలు చేదంటారు. సగం గరిక తిన్నవాళ్ళు ఇలా ఎగబడతారా? తిన్న కడుపు వేరే ఎక్కడో ఉంది."

"నావైపు చూస్తావేం?" అన్నాడు జగ్గప్ప.

"నిన్నెవరన్నారు మామా?" అన్నాడు బొల్లయ్య. "గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు..."

సామెత పూర్తి కాలేదు. జగ్గప్ప కడుపు గుడగుడలాడింది. వీపు విల్లులా వంగింది. పచ్చపచ్చగా, వేళ్ళతో సహా, గరికంతా అందరి ముందూ వచ్చి పడింది!

"మామా, వేళ్ళు వదిలేసి మేయాలని చెప్పేవాళ్ళే లేకపోయారా నీకు?" అని బుల్లెమ్మ రెక్కలు కొట్టుకుంటూ నవ్వింది.

ఆ వానాకాలం గడిచేసరికి వయ్యారిభామ చీపురుపుల్లల్లా మిగిలింది. పురుగులు మట్టిలోకి దూరి పడుకున్నాయి. తొలకరికి ఆ మొక్క మళ్ళీ మొలిచింది, దానితోపాటే పురుగులూ లేచాయి. ఒక్కసారిగా వదిలే పీడ కాదది. కానీ ఏటికేడు అది కాస్త పలచబడింది, గరిక కాస్త పాకింది. చుక్కమ్మ పొదుగు మళ్ళీ నిండింది. జగ్గప్ప ఎప్పుడు పొంచి కూర్చున్నా, చుక్కమ్మ పిల్లే ముందుగా చూసి బీడంతా వినపడేలా అరిచేది:

"అమ్మా, నక్కమామ దాక్కున్నాడే! తోకతో సహా కనపడుతున్నాడు!"

నీతి: కొత్తవాణ్ణి కళ్ళు మూసుకుని నమ్మకు, కళ్ళు మూసుకుని తరమకు, వాడేం తింటాడో చూసి తేల్చుకో.