ముళ్ళెలుక తలాపున దీపం

అనగనగా, చెట్లు తక్కువ, రాళ్ళెక్కువ ఉన్న ఒక మెట్ట ఊళ్ళో ఈరమ్మ అని నీ అంత పిల్ల ఉండేది. వాళ్ళమ్మ ఆ కార్తీకంలోనే పోయింది. ఈ పిల్ల ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. అమ్మ మళ్ళీ లేచొస్తుందని గుమ్మంలో కూర్చునేది, పిచ్చిది. ఊఁ కొట్టు మరి.

ఒకనాడు వాళ్ళ నాయన తిప్పన్న చేను గట్టున రాళ్ళు తీస్తుంటే ముళ్ళెలుక దొరికింది. గుప్పెడంత జంతువులే, వీపంతా ముళ్ళు. బంతిలా చుట్టుకుని, తడిమట్టిలా చల్లగా ఉంది. ఊపిరి ఆడుతున్నట్టు లేదు. చచ్చిపోయిందనుకున్నారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. చేలో ఏ జీవి చచ్చినా మనిషికి పెట్టినట్టే తలాపున దీపం పెట్టాలి. అది తనంతట తాను కొండెక్కాకే పూడ్చాలి. నోటితో ఊదితే పోయిన ప్రాణానికి దారి తెలియదట. అందుకని ఈరమ్మ దాన్ని గోడ గూట్లో పెట్టి, పక్కనే ప్రమిద వెలిగించింది.

అప్పుడు ఏమైందనుకున్నావు? దీపానికి గూడు వెచ్చబడింది. ముళ్ళు వణికాయి. చచ్చిన జంతువు కళ్ళు తెరిచి ఈరమ్మ వంక చూసింది. సాయంత్రానికి దీపం కొండెక్కింది. ఆ కళ్ళూ మూతపడ్డాయి.

పిల్లకి ఆశ పుట్టింది. మర్నాడు మళ్ళీ వెలిగించింది. మళ్ళీ లేచింది, మళ్ళీ చల్లబడింది. కానీ చేతిలోకి తీసుకుంటే నిన్నటి బరువు లేదు. పూడ్చేద్దామని నాయనంటే ఈరమ్మ వినలేదు.

మూడోసారి వత్తి వెలిగించగానే ముళ్ళ లోపల్నుంచి గుసగుసలు వచ్చాయి. ఒక గొంతు కాదు, వేలకు వేలు, తేనెపట్టు రొదలాగా. తాము దాని ఒంట్లో కణాలమని చెప్పాయి. కంటికి ఆనని చిట్టి ఇళ్ళట అవి. ఇంటికో పొయ్యి ఉందట. చలికాలం తిండి దొరకదని పొయ్యిలు తగ్గించుకుని, ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే రాతల్ని చుట్టి పక్కన పెట్టి, గుండెతో కూడా ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటే చాలన్నాయట. ఒంట్లో దాచుకున్న కొవ్వే వాటికి కట్టెలు.

"నువ్వు లేపినప్పుడల్లా మా కట్టెలు తగలబడిపోతున్నాయి. చలి పోయాక ఇంకొక్కసారి లేవడానికే మిగిలాయి. దీపం ఆర్పెయ్ తల్లీ."

ఈరమ్మ దీపం వంక చూసింది. ఊదితే దోషం. ఊదకపోతే ప్రాణమే పోతుంది. మెల్లిగా అడిగింది, "మాయమ్మ గూడా ఇట్లనే పండుకునిందా?"



"లేదమ్మా. మనుషులకి ఈ నిద్ర రాదు. మీ అమ్మ పొయ్యిలు చల్లారిపోయాయి."

ఈరమ్మ దీపం ఊదేసింది. ఆ తర్వాత ఆ చల్లటి బంతిని దోసిట్లో పెట్టుకుని వెళ్ళి, చేను గట్టు రాళ్ళ కిందే దాచి వచ్చింది. ఆచారం తప్పిందని ఊరంతా నాలుగు మాటలన్నారు. పడింది.

చలి పోయింది. పురుగూ పుట్రా బయటికొచ్చాయి. అప్పుడు ముళ్ళెలుక తనే వణికి, తనే వెచ్చబడి, రాళ్ళ సందులోంచి బయటికొచ్చింది. ఈరమ్మని చూడనైనా చూడకుండా చేలోకి పోయింది.

ఈరమ్మ గట్టు మీదే కూలబడి, వాళ్ళమ్మ కోసం మొదటిసారి ఏడ్చింది. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరుకోమని మాత్రం అనలేదు.

కంచి దారిన కథ పోయింది,
ఇంటి దారిన మనమొచ్చాం,
కంటి దారిన నిద్ర రావాలి,
పడుకో నా బంగారు తల్లీ.