తల వంచని రాజుగారి కళ్లద్దాలు

కిరీటం పెట్టిన తల వంగకూడదని ఆ రాజవంశంలో ఆచారం. రాజుగారి కళ్లద్దాల్లో పైభాగం దూరపు చూపుకి, కిందిభాగం చదవడానికి. ఆయన కళ్లు మాత్రమే దించి మెట్లు దిగేవాడు. చదివే అద్దంలోంచి మెట్టు మసకగా కనిపించి పడేవాడు. అద్దాలు చేసిన ఇద్దరి చేతులు ఆ మెట్టు మీదే నరికించాడు.

మూడోసారి చేసింది పోలయ్య. రాజు మళ్లీ పడ్డాడు.

పోలయ్య తనే వచ్చి మెట్టు మీద చేయి పెట్టాడు. "మీరే నరకండి ప్రభూ. గురి తప్పకుండా చూసుకోండి."

రాజు కత్తి ఎత్తాడు. గురి కుదరక తల వంచాడు. పైభాగపు అద్దంలోంచి చూశాడు.

"కనిపిస్తోందా ప్రభూ?"

"గోళ్లతో సహా."

"మెట్లయినా ఇలాగే చూడాలి. లోపం అద్దాల్లో లేదు."

రాజు కత్తి పక్కన పెట్టాడు కానీ తల ఎత్తలేకపోయాడు. పోలయ్య చేతి పక్కనే, రాతిలో ఇంకిన పాత నెత్తురు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.